మెషిన్ మోగితే ముందు మనిషిని చూడండి

ఇంట్లోనే డయాలసిస్ చేసుకుంటున్నవారూ, వారికి తోడుగా కూర్చునేవారూ రాసిన ఉత్తరాలు కొంతకాలంగా మా దగ్గర పోగవుతున్నాయి. వాటిలో చాలావరకు అలారాల గురించే కావడంతో ఈ సంచికలో శీర్షిక మొత్తాన్నీ వాటికే కేటాయించాము. ఇంటి డయాలసిస్ నేర్పే నర్సుగా నేను ఇక్కడ చెప్పేవి ఏ మెషిన్‌కైనా వర్తించే విషయాలు. మీటల పేర్లు, అంకెల హద్దులు, ఏ అలారానికి ఎంతసేపు ఆగవచ్చన్న వివరాలు మాత్రం మీ మెషిన్ పుస్తకంలోనూ, మీకు శిక్షణ ఇచ్చిన కేంద్రం రాసిచ్చిన కాగితంలోనూ ఉన్నట్టే పాటించాలి. నా మాటకూ మీ కేంద్రం మాటకూ తేడా కనిపిస్తే మీ కేంద్రం చెప్పిందే చేయండి.

ప్రశ్న: మా వారికి ఇంట్లో హీమోడయాలసిస్ (రక్తాన్ని మెషిన్‌తో శుద్ధి చేయడం) మొదలై నాలుగు నెలలైంది. పోయిన వారం రెండో గంటలో వీనస్ ప్రెషర్ ఎక్కువైందని అలారం మోగింది. రీసెట్ నొక్కితే ఆగి, రెండు నిమిషాలకు మళ్లీ మోగింది. అలా నాలుగైదు సార్లు నొక్కాక మోగడం మానేసింది. సర్దుకుందనుకున్నాను. కాసేపటికి ఆయన చెయ్యి నొప్పిగా ఉందన్నారు. చూస్తే సూది దగ్గర వాచి గట్టిపడి ఉంది. మెషిన్ ఎందుకు ఊరుకుంది? నేను చేసిన తప్పు ఏమిటి?

జవాబు: మెషిన్ ఊరుకున్నది సమస్య తీరినందువల్ల కాదమ్మా, మీకు తెలియకుండానే మీరు దానికి కొత్త హద్దు పెట్టినందువల్ల. చాలా మెషిన్లు రక్తం తిరిగి ఒంట్లోకి వెళ్లే దారిలోని ఒత్తిడిని, అంటే వీనస్ ప్రెషర్‌ను, అప్పటికి ఉన్న అంకెకు కొంచెం పైన ఒక గీత, కొంచెం కింద ఒక గీత గీసుకుని కనిపెడుతుంటాయి. ఉదాహరణకు మొదట ఒత్తిడి 140 ఉన్నదనుకుందాం. మెషిన్ 100కూ 180కీ మధ్య దాన్ని ఉండనిస్తుంది. 190కి చేరగానే మోగుతుంది. మీరు రీసెట్ నొక్కినప్పుడు ఆ గీతలు కాసేపు చెరిగి, అప్పుడున్న కొత్త అంకె చుట్టూ మళ్లీ ఏర్పడతాయి. ఒత్తిడి 230కి చేరాక నొక్కిన రీసెట్‌తో 190 నుంచి 270 దాకా ఉండటమే సరైనదని మెషిన్ భావిస్తుంది. సూది నాళం గోడను చీల్చుకుని రక్తం కండలోకి పోతున్నా ఇక అది మోగదు. దీన్ని తప్పు అని మీ మీద వేసుకోకండి. రీసెట్ అంటే శబ్దం ఆపే మీట అని అనుకోని కొత్తవారు నాకు ఎవరూ తారసపడలేదు. అది శబ్దం ఆపే మీట కాదు. ‘కారణం కనుక్కున్నాను, సరిచేశాను, ఇప్పుడున్న స్థితి నాకు సమ్మతమే’ అని మీరు మెషిన్‌కు ఇచ్చే మాట అది. శబ్దాన్ని కాసేపు ఆపడానికి వేరే మీట ఉంటుంది. ముందు అది నొక్కండి.

ఆ నిశ్శబ్దం దొరికిన రెండు నిమిషాల్లో చూడవలసిన వరుస ఒకటుంది. మొదట మనిషి ముఖం చూసి, పేరు పెట్టి పిలిచి, ఎలా ఉందని అడగాలి. తర్వాత చెయ్యి చూడాలి: సూది దగ్గర వాపు, నొప్పి, తడి, నలుపెక్కిన చర్మం ఉన్నాయా. ఆ తర్వాత ట్యూబును కంటితో కాకుండా చేత్తో, సూది దగ్గర మొదలుపెట్టి మెషిన్ దాకా తడుముతూ వెళ్లాలి. మడత పడిన చోటు, మోచేతి కింద నలిగిన చోటు, తెరవడం మరిచిన క్లాంపు (ట్యూబును మూసే బిగింపు) కంటికి కనిపించకపోయినా వేళ్లకు తెలుస్తాయి. చివరగా వీనస్ చాంబర్‌ను, అంటే తిరిగి వెళ్లే రక్తం కాసేపు నిలిచే చిన్న గొట్టాన్ని, చూడాలి. అందులో రక్తం నల్లబడి, అడుగున ఉన్న జల్లెడ దగ్గర ముద్దలా లేదా దారాల్లా ఏమైనా పట్టి ఉంటే గడ్డకట్టడం మొదలైందన్నమాట. రక్తాన్ని వడకట్టే డయలైజర్‌లో నల్లని చారలు కనిపించినా అదే అర్థం. సెలైన్‌తో కడిగి చూడటం మీకు నేర్పి ఉంటే అది చేయండి. గడ్డలు స్పష్టంగా కనిపిస్తున్నప్పుడు మాత్రం ఆ రక్తాన్ని బలవంతంగా ఒంట్లోకి తోయవద్దు. సర్క్యూట్‌లో ఉండే సుమారు 200 మిల్లీలీటర్ల రక్తం పోవడం బాధే, కాని గడ్డను నాళంలోకి పంపడం కన్నా అది నయం.

మీ వారికి జరిగింది సూది పక్కకు జరిగి రక్తం కండలోకి దిగడం. అది తెలియగానే పంపు ఆపి, ట్యూబులకు క్లాంపులు వేసి, కేంద్రానికి ఫోన్ చేయాలి. సూది లోపలే ఉన్నప్పుడు దాని మీద గట్టిగా అదమకూడదు, నాళం ఇంకా చిరుగుతుంది. సూది తీసిన తర్వాతే అదమాలి. వాపు మీద గుడ్డలో చుట్టిన ఐసు ఉంచవచ్చు. ఆ చేతిలో ఫిస్టులా (సూదులు గుచ్చడానికి ధమనినీ సిరనూ కలిపి చేసిన నాళం) జల్లుమంటున్న కదలిక వేలికి తగులుతున్నదో లేదో ఆ రోజూ, మర్నాడూ పలుసార్లు చూడండి. ఆ కదలిక ఆగితే తెల్లవారేదాకా ఎదురుచూడకుండా వెంటనే కేంద్రానికి చెప్పాలి.

ప్రశ్న: మా నాన్నగారికి రాత్రిపూట డయాలసిస్ నేను చేయిస్తాను. చలిగా ఉందని ఆయన చేతిని కూడా దుప్పటి కప్పుకుంటారు. సూది ఊడితే అలారం మోగుతుంది కదా, నేను పక్క గదిలో చదువుకోవచ్చా?

జవాబు: ఈ ఒక్క ఉత్తరం కోసమే ఈ శీర్షిక రాసినా వృథా కాదని నాకు అనిపించింది. సూది ఊడితే అలారం తప్పకుండా మోగుతుందన్న నమ్మకం నిజం కాదు బాబూ.

రక్తాన్ని లాగే సూది ఊడితే పంపు గాలిని పీల్చుకుంటుంది కాబట్టి మెషిన్‌కు వెంటనే తెలిసిపోతుంది. ప్రమాదం రెండో సూదితో, రక్తం తిరిగి వెళ్లే సూదితో ఉంది. తెర మీద వీనస్ ప్రెషర్‌గా కనిపించే అంకెలో ఎక్కువ భాగం ఆ సన్నని సూది రంధ్రంగుండా రక్తాన్ని నెట్టడానికి పట్టే ఒత్తిడే. సూది నాళంలో ఉన్నా, ఊడిపోయి పరుపు మీద పడి ఉన్నా రంధ్రం అంతే సన్నగా ఉంటుంది. ఊడినప్పుడు తగ్గేది ఫిస్టులాలో ఉన్న కొద్దిపాటి ఒత్తిడి మాత్రమే. ఆ తగ్గుదల పైన చెప్పిన రెండు గీతల మధ్యే ఇమిడిపోతే మెషిన్ దృష్టిలో అంతా సవ్యంగానే ఉన్నట్టు. పంపు తిరుగుతూనే ఉంటుంది. నిమిషానికి 300 మిల్లీలీటర్ల వేగంతో తిరిగే పంపు అయిదు నిమిషాల్లో లీటరున్నర రక్తాన్ని దుప్పటిలోకి పోసేస్తుంది. పెద్దవారి ఒంట్లో ఉండేదే సుమారు 5 లీటర్లు.

అందువల్ల చెయ్యి, సూదులు ఉన్న చోటు ఎప్పుడూ బయటికి కనిపిస్తూ ఉండాలి. నాన్నగారికి చలి వేస్తే ఒంటికి రెండు దుప్పట్లు కప్పండి, రెండో చేతికి, కాళ్లకు తొడుగులు వేయండి, ఆ చేతిని మాత్రం వదిలేయండి. డయాలసిస్ ద్రవం ఉష్ణోగ్రతను కాస్త పెంచవచ్చా అన్నది కేంద్రాన్ని అడగండి. సూదిని అంటించే టేపు పొడిగా ఉన్న చర్మం మీద వేయాలి. క్రీము రాసిన చోటగానీ, చెమట పట్టిన చోటగానీ అది నిలవదు. సూది రెక్కల కింది నుంచి తీసి పైన అడ్డంగా దాటించి అంటించే పద్ధతి మీకు నేర్పే ఉంటారు, దాన్ని ఒక్కరోజు కూడా కుదించవద్దు. ట్యూబును చేతి మీద ఒక చుట్టు తిప్పి అంటిస్తే లాగుడు సూది మీద పడదు. ట్యూబును మంచానికో కుర్చీకో కట్టడం మాత్రం ప్రమాదం, ఆయన అటు తిరిగితే సూదే వచ్చేస్తుంది.

సూది దగ్గర తడి తగిలితే మోగే చిన్న సెన్సార్లు ఉన్నాయి. రాత్రి డయాలసిస్ చేసేవారికి అది ఉండి తీరాలని నా అభిప్రాయం. మెషిన్ కింద నేల మీద పెట్టే నీటి సెన్సార్ వేరు, అది దీనికి బదులు కాదు. మీరు అదే గదిలో కూర్చుని చదువుకోండి. వీనస్ ప్రెషర్ తక్కువైందని మోగితే, అది ఎంత చిన్న తేడా అయినా, చేతిని చూడకుండా మీట మీద వేలు పెట్టవద్దు. సూది ఊడి ఉంటే ముందు పంపు ఆపి, ఆ రంధ్రం మీద గట్టిగా అదిమి, నాన్నగారి పరిస్థితి బాగాలేకపోతే వెంటనే అంబులెన్సును పిలవండి. ఊడిన సూదిని మళ్లీ లోపలికి తోయకూడదు.

ప్రశ్న: నేనే సూదులు పెట్టుకుని డయాలసిస్ చేసుకుంటాను. మొదటి మూడు గంటలూ బాగానే సాగుతుంది. చివరి గంటలో ఆర్టీరియల్ ప్రెషర్ అలారం పదేపదే వస్తోంది. సూది కొద్దిగా తిప్పితే ఆగుతుంది, మళ్లీ వస్తుంది. సూదిలోనే లోపమా?

జవాబు: సూదిదే లోపమైతే మొదటి గంటలోనే మొరాయించేది. చివరి గంటలోనే వస్తున్నదంటే మీ ఒంట్లో నీరు తగ్గుతున్న కొద్దీ ఏదో మారుతోంది.

రక్తాన్ని లాగే వైపు ఒత్తిడి, అంటే ఆర్టీరియల్ ప్రెషర్, ఎప్పుడూ మైనస్ అంకెల్లో ఉంటుంది. సాధారణంగా మైనస్ 100కూ మైనస్ 200కూ మధ్య తిరుగుతుంది; మైనస్ 250 దాటితే ఎర్రకణాలు నలిగే ప్రమాదం ఉంది కాబట్టి మెషిన్ ఆపుతుంది. ఒంట్లోంచి నీటిని వేగంగా తీస్తే బీపీ పడిపోతుంది, ఫిస్టులాలో రక్త ప్రవాహం తగ్గుతుంది, నాళం గోడ సూది మూతికి అతుక్కుంటుంది. మీరు సూది తిప్పగానే గోడ నుంచి విడివడి అలారం ఆగుతోంది. అసలు కారణం మాత్రం అలాగే ఉంది. ఈసారి అలారం వచ్చినప్పుడు సూదిని తాకకముందే బీపీ చూసుకోండి. తక్కువగా ఉంటే నీరు తీయడం ఆపి, పంపు వేగం తగ్గించి, కాళ్లు ఎత్తి పెట్టుకుని, మీకు చెప్పిన మేరకు సెలైన్ ఇచ్చుకోండి. తల తిరగడం, ఆవలింతలు, చెమట పట్టడం వంటివి ఉంటే లేచి నిలబడే ప్రయత్నం చేయకండి. ఇంట్లో ఎవరినైనా పిలవండి.

తర్వాత తీరికగా ఒక లెక్క వేసుకోండి. గంటకు, కిలో బరువుకు 13 మిల్లీలీటర్లకు మించి నీరు తీయకపోవడం మంచిదని వైద్యులు చెబుతారు. అంటే 60 కిలోల మనిషికి గంటకు 780. రెండు డయాలసిస్‌ల మధ్య 3 లీటర్లు పెరిగి, దాన్ని 3 గంటల్లో తీయబోతే గంటకు 1,000 అవుతుంది. అదే 4 గంటలైతే 750కి దిగుతుంది. మీరు ఇంట్లో చేసుకుంటున్నారు, కేంద్రంలో మాదిరిగా మీ కుర్చీ కోసం మరొకరు ఎదురుచూడటం లేదు. సమయం పెంచడమో, వారానికి ఇంకొక రోజు కలపడమో మీ డాక్టరుతో మాట్లాడండి. ఇంటి డయాలసిస్‌లోని పెద్ద మేలు అదే, దాన్ని వాడుకోకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు) మారిందేమో కూడా అడగండి. మనిషి కాస్త ఒళ్లు చేసినా పాత బరువుకే తెద్దామని చూస్తే ఇలాగే జరుగుతుంది. ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా అలారం కొనసాగితే ఫిస్టులాలో ఎక్కడైనా ఇరుకు ఏర్పడిందేమో స్కాన్ చేయించవలసి ఉంటుంది.

ప్రశ్న: గాలి బుడగ అలారం వచ్చినప్పుడు ట్యూబును సెన్సార్ నుంచి బయటికి తీసి మళ్లీ పెడితే ఆగుతుందని తెలిసినవారు చెప్పారు. అలా చేయవచ్చా?

జవాబు: ఎన్నడూ చేయవద్దు. ఆ సెన్సార్ శబ్ద తరంగాలతో గాలిని పసిగట్టి, పంపును ఆపి, తిరిగి వెళ్లే ట్యూబును నొక్కిపెడుతుంది. ట్యూబును బయటికి తీస్తే గాలికీ మనిషి గుండెకూ మధ్య ఇక ఏ అడ్డూ ఉండదు.

గాలి ఎక్కడి నుంచి వస్తుందో ఆలోచిస్తే వెతకడం తేలిక. పంపుకు ముందున్న భాగంలో ఒత్తిడి మైనస్‌లో ఉంటుంది కనుక, అక్కడ ఏ కలయిక వదులుగా ఉన్నా రక్తం బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. అందుకే సూది దగ్గరి బిగింపు, సెలైన్ లైను, హెపారిన్ (రక్తం గడ్డకట్టనివ్వని మందు) లైను వరుసగా చూడాలి. నేను ఎక్కువగా చూసిన కారణం ఖాళీ అయిన సెలైన్ బ్యాగు, దానికి వేయడం మరిచిన క్లాంపు. చాంబర్‌లో రక్తం మట్టం పడిపోయి ఉంటే మెషిన్ పుస్తకంలో చెప్పిన విధంగా మట్టాన్ని ముప్పావు దాకా పెంచి, చాంబర్‌ను వేళ్లతో మెల్లగా తట్టి నురగను పైకి పంపాలి. సెన్సార్ తడిగా ఉన్నా, ట్యూబు అందులో సరిగ్గా కూర్చోకపోయినా అబద్ధపు అలారం రావచ్చు, కాని అబద్ధం అని తేల్చుకునేది చివరన, అన్నీ చూశాకే.

గాలి ఒంట్లోకి వెళ్లిందన్న అనుమానం ఉండి, మనిషికి హఠాత్తుగా దగ్గు, ఆయాసం, ఛాతీలో బిగుతు, మాట తడబడటం కనిపిస్తే రెండు ట్యూబులకూ క్లాంపులు వేసి, ఎడమ పక్కకు తిప్పి, తల పాదాల కన్నా కిందుగా ఉండేలా పడుకోబెట్టి అంబులెన్సును పిలవాలి. రక్తాన్ని వెనక్కి పంపే ప్రయత్నం చేయకూడదు.

ప్రశ్న: కండక్టివిటీ అలారం, ఉష్ణోగ్రత అలారం వస్తే మెషిన్ తనంతట తానే బైపాస్‌లోకి వెళ్తుంది. రక్తం మాత్రం తిరుగుతూనే ఉంటుంది. కంగారు పడాలా?

జవాబు: అలా బైపాస్‌లోకి వెళ్లడమంటే సరిగ్గా లేని ద్రవాన్ని డయలైజర్ దాకా రానివ్వకుండా మెషిన్ పక్కకు మళ్లించిందని అర్థం. ఆ సమయంలో రక్తం శుద్ధి కాదు, హాని కూడా జరగదు. కండక్టివిటీ అంటే ద్రవంలో ఉప్పు ఎంత ఉందో తెలిపే కొలత. సెంటీమీటరుకు సుమారు 14 మిల్లీసీమెన్లు ఉంటుంది. తగ్గితే ద్రవం తయారీకి వాడే గాఢ ద్రావణం క్యాన్ అయిపోయిందేమో, గొట్టం అడుగు దాకా అందడం లేదేమో చూడండి. పెరిగితే నీరు సరిగ్గా రావడం లేదేమో చూడండి. యాసిడ్, బైకార్బొనేట్ గొట్టాలు తారుమారైనా వస్తుంది. ద్రవం ఉష్ణోగ్రత ఎక్కువైతే, ముఖ్యంగా 42 డిగ్రీలకు చేరితే, ఎర్రకణాలు పగులుతాయి. హద్దులను జరిపి అలారం ఆపడం ఈ రెండింటిలోనూ ప్రాణాంతకం.

దీనికి ఆనుకునే, మీరు అడగని ఒక విషయం చెప్పాలి. నీటిలోని క్లోరమైన్‌ను మీ డయాలసిస్ మెషిన్ పసిగట్టలేదు. అది నీటిని శుద్ధి చేసే ఆర్‌ఓ పొరను దాటుకుని వెళ్లగలదు. కార్బన్ ఫిల్టరే దాన్ని ఆపాలి. కార్బన్ అరిగిపోతే కండక్టివిటీ, ఉష్ణోగ్రత, ఒత్తిడి అన్నీ చక్కగా ఉంటాయి, ఏ అలారమూ మోగదు, ఎర్రకణాలు మాత్రం లోపల పగిలిపోతుంటాయి. అందుకే ప్రతి డయాలసిస్‌కూ ముందు కార్బన్ తర్వాతి నీటిని పరీక్ష పట్టీతో చూడాలని కేంద్రాలు పట్టుబడతాయి. మొత్తం క్లోరిన్ లీటరుకు 0.1 మిల్లీగ్రాము మించకూడదు. నిన్న బాగుంది కదా అని ఈ రోజు మానేయకండి. ట్యూబులో రక్తం ముదురు రంగు పోయి చెర్రీ పండులా మెరుస్తూ పలచగా కనిపించినా, మనిషికి నడుము నొప్పి, ఛాతీ నొప్పి, ఆయాసం మొదలైనా, అలారం ఉన్నా లేకపోయినా వెంటనే పంపు ఆపి క్లాంపులు వేయండి. పగిలిన కణాల్లోంచి పొటాషియం వచ్చి చేరిన ఆ రక్తాన్ని తిరిగి ఒంట్లోకి పంపకండి. అంబులెన్సును పిలిచాక కేంద్రానికి చెప్పండి.

ప్రశ్న: బ్లడ్ లీక్ అలారం వచ్చింది, కాని బయటికి పోయే నీటిలో ఎరుపు ఏమీ కనిపించలేదు. కొనసాగించవచ్చా?

జవాబు: కంటికి కనిపించనంత తక్కువ రక్తం కూడా ఉండవచ్చు. డయలైజర్ నుంచి బయటికి వచ్చే ద్రవాన్ని రక్తం పరీక్ష పట్టీతో చూడండి. పట్టీ రంగు మారితే డయలైజర్‌లోని పొర చిరిగినట్టే, డయాలసిస్ ఆపాలి. రక్తం తిరిగి పంపాలా వద్దా అన్నది కేంద్రం చెప్పాలి, ద్రవం ఎర్రగా కనిపిస్తుంటే మాత్రం పంపనే వద్దు. పట్టీ రంగు మారకపోతే గాలి బుడగలు గానీ, సెన్సార్ అద్దం మీది మడ్డి గానీ కారణం అయి ఉంటుంది. అప్పుడు కూడా టెక్నీషియన్‌కు చెప్పకుండా తర్వాతి డయాలసిస్ మొదలుపెట్టకండి.

ప్రశ్న: డయాలసిస్ మధ్యలో కరెంటు పోతే ఏం చేయాలో శిక్షణలో చెప్పారు, ఇప్పుడు గుర్తు లేదు. చేతితో తిప్పే పిడి ఎటు తిప్పాలి?

జవాబు: పంపు మీద బాణం గుర్తు ఉంటుంది, అటే తిప్పాలి, వెనక్కి తిప్పితే గాలి ఒంట్లోకి పోయే ప్రమాదం ఉంది. ముందు మీ మెషిన్‌కు బ్యాటరీ ఉందో లేదో, ఉంటే అది దేన్ని ఎంతసేపు నడుపుతుందో తెలుసుకోండి. కొన్నింటిలో అది రక్తం పంపునే నడుపుతుంది, ద్రవాన్ని వేడి చేయదు. బ్యాటరీ లేకపోతే పంపు ఆగిన కొద్ది నిమిషాల్లోనే గడ్డకట్టడం మొదలవుతుంది కనుక పిడితో సమవేగంతో తిప్పుతూ ఉండాలి. కరెంటు పోగానే తిరుగు ట్యూబును మెషిన్ తనంతట తానే నొక్కిపెడుతుంది. దాన్ని ఆ బిగింపు నుంచి విడిపించకుండా తిప్పితే ఒత్తిడి పెరిగి ట్యూబు ఊడుతుంది. విడిపించిన క్షణం నుంచి గాలిని పట్టే సెన్సార్ మీ కళ్లే. చాంబర్ మీద వెలుతురు పడుతూ ఉండాలి. తలకు తగిలించుకునే లైటు ఒకటి మెషిన్‌కే వేలాడదీసి ఉంచుకోండి, చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి. కరెంటు త్వరగా రాదనిపిస్తే సెలైన్‌తో రక్తాన్ని వెనక్కి పంపి ముగించండి. అగ్నిప్రమాదంలాంటిది వచ్చి బయటికి పరుగెత్తవలసి వస్తే రక్తం సంగతి వదిలేసి, సూదుల వైపు రెండు క్లాంపులు, మెషిన్ వైపు రెండు క్లాంపులు వేసి, వాటి మధ్య విడదీసుకుని వెళ్లిపోవాలి.

మీకు గుర్తు లేదని రాశారు, అందుకు మెచ్చుకుంటున్నాను. కేంద్రానికి ఫోన్ చేసి ఈ ఒక్క విషయానికి మళ్లీ శిక్షణ అడగండి. మెషిన్‌కు రోగి లేనప్పుడు, నీళ్లు నింపిన ట్యూబులతో, దీపం ఆర్పి ఒకసారి చేసి చూడండి.

ప్రశ్న: మా అమ్మగారికి రాత్రిపూట సైక్లర్ అనే మెషిన్‌తో పెరిటోనియల్ డయాలసిస్ (పొట్టలోకి ద్రవం నింపి, తీసి చేసేది) జరుగుతుంది. పొట్టలోంచి ద్రవం తక్కువగా వచ్చిందని రాత్రికి మూడు నాలుగు సార్లు అలారం మోగుతోంది. నిద్ర చెడుతుందని బైపాస్ నొక్కేస్తున్నాము. తెల్లవారేసరికి అమ్మకు పొట్ట ఉబ్బరంగా, ఊపిరి అందనట్టు ఉంటోంది.

జవాబు: ఈ రాత్రి నుంచే బైపాస్ నొక్కడం మానేయండి. సైక్లర్ ప్రతి విడతలోనూ ఒక పరిమాణం, అనుకుందాం 2 లీటర్లు, నింపి, కొంతసేపు ఉంచి, బయటికి తీస్తుంది. ఒక విడతలో 500 మిల్లీలీటర్లు లోపలే ఉండిపోయినా బైపాస్ నొక్కితే మెషిన్ దాని మీద మరో 2 లీటర్లు నింపుతుంది. అలా మూడుసార్లు జరిగితే లీటరున్నర అదనంగా చేరుతుంది. ఒంట్లోంచి లాగిన నీరు దానికి తోడు. ఆ బరువు పైకి తోసి ఊపిరితిత్తులను నొక్కుతోంది. అమ్మగారికి ఉన్నది ఉబ్బరం కాదు, పొట్ట నిండా ద్రవం. ఊపిరి అందనట్టుంటే మెషిన్‌లో చేతితో డ్రెయిన్ చేసే పద్ధతిలో ద్రవమంతా ముందు తీసి, అప్పుడే కేంద్రానికి ఫోన్ చేయండి. రేపటి అపాయింట్‌మెంటు దాకా ఆగవద్దు.

అలారానికి కారణం వెతికేటప్పుడు ముందు అమ్మగారి ఒంటి కింద ట్యూబు నలిగిందేమో, క్లాంపు మూసి ఉందేమో చూడండి. తర్వాత పక్కకు తిరగమనండి, లేచి కూర్చోమనండి, ట్యూబు అందేంత మేర నిలబడమనండి. కాథెటర్ (పొట్టలో అమర్చిన గొట్టం) మొన ఏదో ఒక మూలకు చేరి ఉంటే ఈ కదలికతో ద్రవం మళ్లీ పారుతుంది. ద్రవంలో తెల్లని దారాల్లాంటి ఫైబ్రిన్ కనిపిస్తే కేంద్రానికి చెప్పండి, బ్యాగులో హెపారిన్ కలపమంటారేమో. సిరంజితో మీరు పొడవకండి.

ఇవన్నీ చూసేముందు ఇంకొకటి అడగండి, అడగడానికి మొహమాటపడే ప్రశ్న: అమ్మగారికి మలవిసర్జన రోజూ సాఫీగా అవుతోందా? పెరిటోనియల్ డయాలసిస్‌లో డ్రెయిన్ అలారాలకు మలబద్ధకం అన్నింటికన్నా సాధారణమైన కారణాల్లో ఒకటి. నిండిన పేగు కాథెటర్‌ను నొక్కుతుంది లేదా దాని చోటు మారుస్తుంది. ఎక్స్‌రే తీయించే ముందు చాలామందికి విరేచనకారి ఇచ్చి చూస్తారు, తరచుగా అంతటితోనే సరిపోతుంది. ఏ మందు వాడాలో మాత్రం డాక్టరునే అడగండి. మెగ్నీషియం, ఫాస్ఫేట్ ఉన్నవి కిడ్నీ రోగులకు హాని చేస్తాయి.

సైక్లర్ పసిగట్టలేనిది కూడా ఒకటుంది. పొట్టలో ఇన్ఫెక్షన్ వస్తే డ్రెయిన్ ద్రవం మసకబారుతుంది. మెషిన్ ఆ ద్రవాన్ని కొలుస్తుందే గాని చూడదు. అందువల్ల పొద్దున్నే డ్రెయిన్ బ్యాగు వెనక అచ్చు కాగితం పెట్టి, ద్రవంగుండా అక్షరాలు చదవగలుగుతున్నారో లేదో చూడండి. చదవలేకపోతే జ్వరం లేకపోయినా, నొప్పి లేకపోయినా ఆ బ్యాగును పారబోయకుండా కేంద్రానికి పట్టుకుని వెళ్లండి.

ప్రశ్న: అలారం శబ్దానికి ఇంట్లో అందరికీ నిద్ర పోతోంది. శబ్దం తగ్గించమని టెక్నీషియన్‌ను అడగవచ్చా? ఇన్ని అలారాలు నిజంగా అవసరమా?

జవాబు: రెండో దానికి ముందు జవాబు చెబుతాను. 1964లో అమెరికాలోని సియాటిల్‌లో, కేంద్రంలో చోటు దొరకని ఒక పాఠశాల విద్యార్థిని కోసం ఆల్బర్ట్ బాబ్ అనే ఇంజనీరు తన బృందంతో కలిసి ఇంట్లో నడిపే డయాలసిస్ మెషిన్‌ను తయారు చేశాడు. కేంద్రంలో నర్సు కళ్లు చేసే పనిని ఇంట్లో ఎవరు చేయాలన్న ప్రశ్న ఆనాటి నుంచీ ఉన్నదే. నర్సు లేని గదిలో ఆమె చేసే పనిలో కొంత ఈ అలారాలు చేస్తున్నాయి, మిగిలింది మీరు చేస్తున్నారు. కనుక శబ్దం తగ్గించమని అడగకండి. అలారాలు ఇన్నిసార్లు ఎందుకు వస్తున్నాయో కనుక్కోమని అడగండి. సవ్యంగా సాగే డయాలసిస్‌లో మెషిన్ ఎక్కువసేపు మౌనంగానే ఉంటుంది.

అందుకు టెక్నీషియన్‌కు మీరు ఇవ్వగలిగిన సాయం ఒక నోటుపుస్తకం. అలారం మోగిన ప్రతిసారీ తేదీ, సమయం, డయాలసిస్ మొదలై ఎంతసేపైంది, తెర మీది మాట లేదా కోడ్ ఉన్నదున్నట్టు, అప్పటి ఆర్టీరియల్, వీనస్ ఒత్తిళ్లు, బీపీ, మీరు ఏం చేశారు, అది ఆగిందా అన్నవి రాయండి. మొదటి ప్రశ్న రాసిన పాఠకురాలి పుస్తకంలో 140, 190, 230 అని మూడు అంకెలు వరుసగా పడి ఉంటే, మూడోది రాస్తున్నప్పుడే ఆమెకు విషయం అర్థమయ్యేది. ఒకే అలారం, కారణం వెతికి సరిచేశాక కూడా, మూడోసారి వస్తే ఇక మీట నొక్కకుండా కేంద్రానికి ఫోన్ చేయండి. అర్ధరాత్రి అయినా చేయండి. ఆ నంబరు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, డయాలసిస్‌లో ఉన్న మనిషి కూడా పడుకున్నచోటి నుంచే చదవగలిగేలా మెషిన్ మీద అంటించండి, ఎందుకంటే కొన్నిసార్లు ఫోన్ చేయవలసింది వారే కావచ్చు.